ఊ కొట్టడం

గ్రిమ్స్‌బీలో రాత్రి రెండింటికి
చేపల ఫ్యాక్టరీ దీపాల కింద నిలబడి
కాడ్ ముక్కల పెట్టెలకు లేబుళ్ళు అంటిస్తుంటే
ఆ పాట మొదటిసారి నా చెవిన పడింది.
ఫోర్క్‌లిఫ్ట్ నడిపే కీత్ పెట్టాడు,
గ్లవ్స్ విప్పి మరీ,
కోటు లోపలి జేబులోంచి క్యాసెట్ తీసి.

ఎనిమిది నిమిషాల పాట. పల్లవి లేదు.
మంచుకొట్టుకి కాపలా కాసేవాడొకడు
బాకీ ఎగ్గొట్టిన మనిషిని లోపలికి తోసి గడియ పెడతాడు.
బయట పీపా మీద కూర్చుని
లోపలివాడికే కబుర్లు చెబుతుంటాడు:
కుంటి గుర్రం సంగతి, తల్లి జ్వరం సంగతి,
చెప్పుల్లో మేకు ఎలా గుచ్చుకుంటోందో.
చరణం చివర ఒకే మాట: వింటున్నావా?
అప్పుడు డ్రమ్ము, మూడు దెబ్బలు, తలుపు అవతలి నుంచి.
తర్వాతి చరణానికి రెండు.
గిటారు తనకేమీ పట్టనట్టు
తడి తాడు చేదుతూనే ఉంటుంది.
ఆపైన ఒకటి.
నాలుగోసారి,
అడిగినవాడి ఊపిరి తప్ప ఏమీ ఉండదు.

"భయమేసిందా?" అన్నాడు కీత్.
నా చేతిలో లేబుల్ తలకిందులుగా అంటుకుంది.

అతనికి ఏమని చెప్పను?
నాకు తొమ్మిదేళ్ళు. తణుకులో రైసుమిల్లు.
నాన్న అక్కడ గుమస్తా. ఆదివారం మిషన్లు ఆగి
ఊరికే చెవులు గింగురుమనే మధ్యాహ్నం.
దాగుడుమూతల్లో తమ్ముడు వీరేశం
గోనెసంచుల గదిలో దూరాడు.
బయట గడియ పెట్టింది నేనే.
ఆటకే.
ఆటకే అని ముప్పై నాలుగేళ్ళుగా నాకు నేను చెప్పుకుంటున్నాను.
ఐసు బండి వచ్చిందన్నారు, వెళ్ళాను.
ఎవరో కొత్త రిబ్బను చూపించారు.
తర్వాత అన్నం, తర్వాత నిద్ర.
మరిచిపోయానని అందరితో అన్నాను గానీ
ఐసు చీకుతూ గేటు దాకా వెనక్కి వచ్చాను ఒకసారి.
వాడు తలుపు కొడుతున్నాడు.
విన్నాను.
ఐసు అయ్యేదాకా విన్నాను.

సాయంత్రం తలుపు తీస్తే
వాడి ముఖమంతా ఊక,
కళ్ళ కింద రెండు చారలు మాత్రం శుభ్రంగా.
"గాలికి పడిందేమో గడియ," అన్నాను.
వాడు నన్నే చూస్తూ
"అవును, గాలే," అన్నాడు.
ఆరేళ్ళవాడు.

రోజూ రాత్రి వాడికి కథ చెప్పేదాన్ని.
వాడు ఊ కొట్టేవాడు. ఊ ఆగితే నిద్రపోయినట్టు లెక్క.
ఆ రాత్రి కూడా మొదలుపెట్టాను,
ఏడు చేపల్ని ఎండేసిన చోటు దాకా వచ్చి
వింటున్నావా అన్నాను.
చీకట్లో వాడి కళ్ళు తెరిచే ఉన్నాయి.

ఇప్పుడు వాడికి మోటార్ల రిపేరు షాపు,
ఇద్దరు ఆడపిల్లలు. ఫోన్ చేస్తే
వానల గురించి, కరెంటు గురించి బాగానే మాట్లాడతాడు.
వాళ్ళింట్లో గదులకు గడియలు లేవని
మరదలు ఒకసారి నవ్వుతూ చెప్పింది.
నేనూ నవ్వాను.

ఇక్కడి కోల్డ్ స్టోరుకి లోపల కూడా పిడి ఉంది,
ఆకుపచ్చది, చీకట్లో మెరుస్తుంది.
మొదటి రోజే చూపించారు.
షిఫ్టుకి ఒకసారి పనేమీ లేకపోయినా లోపలికెళ్ళి
అది పనిచేస్తోందో లేదో నొక్కి చూస్తాను.

కీత్ ఆ పాట ఎవరి కోసం వింటాడో నేనడగలేదు.
శుక్రవారాలు మాత్రం పెడతాడు.
నిన్న మళ్ళీ ఆ నాలుగో చోటు వచ్చింది.
దెబ్బ పడాల్సిన జాగా. టేపు గరగర.
నా నోరు నన్నడక్కుండానే
"ఊ" అంది.

ఫోర్క్‌లిఫ్ట్ ఆగింది.
"ఏంటది?" అన్నాడు కీత్.

"గాలి," అన్నాను.